రెండు నేలల బిడ్డ – పెర్ల్ బక్

పుట్టిన గడ్డ ఒకటి, పెరిగిన గడ్డ మరొకటి అయినవారి జీవితం విలక్షణమైనది. వారికి రెండు భాషలు, రెండు సంస్కృతులు సొంతమవుతాయి. అయితే ఒక్కొక్కప్పుడు ఆ రెంటిలో దేనికీ తాము పూర్తిగా చెందమన్న వేదన కూడా వారికి తప్పదు. ఆ వేదననే బలంగా మలచుకొని, ఎక్కడా చోటు లేనివారికి తన రచనలోను, తన ఇంటిలోను చోటు కల్పించిన మహనీయురాలు పెర్ల్ బక్. ఆమె అమెరికాలో పుట్టి, చైనాలో పెరిగి, చైనా రైతు కథను ప్రపంచానికి వినిపించింది. సాహిత్యంలో నోబెల్ పురస్కారం పొందిన తొలి అమెరికన్ మహిళగా చరిత్రలో నిలిచింది.

బాల్యం

పెర్ల్ 1892 జూన్ 26న అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో హిల్స్‌బరో అనే చిన్న ఊరిలో, మాతామహుల ఇంట జన్మించింది. తండ్రి ఆబ్సలమ్ సైడెన్‌స్ట్రైకర్, తల్లి కేరీ. వారిద్దరూ క్రైస్తవ మతప్రచారకులుగా చైనాలో నివసిస్తూ వచ్చారు. అక్కడి వాతావరణానికి, వ్యాధులకు తాళలేక వారి పిల్లలు ఒకరి తరువాత ఒకరుగా మరణించారు. కేరీ కన్న ఏడుగురిలో నలుగురు చిన్నతనంలోనే కన్నుమూశారు. బిడ్డలను పోగొట్టుకొని కుంగిపోయిన తల్లి కొంతకాలం స్వదేశంలో విశ్రాంతి తీసుకొన్న సమయంలో పెర్ల్ పుట్టింది. ఆమెకు కొన్ని నెలల వయసు రాగానే తల్లిదండ్రులు ఆమెను తీసుకొని తిరిగి చైనాకు ప్రయాణమయ్యారు.

యాంగ్సీ నది ఒడ్డున ఉన్న జెన్‌జియాంగ్ పట్టణంలో పెర్ల్ బాల్యం గడిచింది. విదేశీయులు సాధారణంగా తమవారి కోసం ఏర్పరచుకొన్న ప్రత్యేక ప్రాంతాలలో నివసించేవారు. సైడెన్‌స్ట్రైకర్ కుటుంబం మాత్రం చైనీయుల ఇళ్ళ నడుమనే కాపురం ఉండేది. తండ్రి ఎప్పుడూ పల్లెల వెంట మతప్రచారంలో తిరిగేవాడు. ఇంట్లో ఉన్నంతసేపు గ్రీకు భాషనుండి బైబిలు నూతన నిబంధనను చైనా భాషలోకి అనువదించే పనిలో మునిగి ఉండేవాడు. కుటుంబ భారమంతా తల్లిదే. ఆ పరాయిదేశంలో తన పుట్టింటి జ్ఞాపకంగా పూలతోట పెంచుకొని, పిల్లలకు పాటలు, కథలు చెబుతూ ఆమె కాలం గడిపేది.

పెర్ల్‌ను పెంచిన ఆయా వాంగ్ అనే వృద్ధ చైనా స్త్రీ. ఆమె ఒడిలో కూర్చొని పెర్ల్ దయ్యాల కథలు, దేవతల కథలు, వీరుల కథలు వింటూ పెరిగింది. ఇంగ్లీషు మాటలతో పాటే చైనా మాటలు కూడా ఆమె నాలుకమీద పలికాయి. ఉదయం తల్లి దగ్గర అమెరికా పాఠాలు, మధ్యాహ్నం కుంగ్ అనే పండితుని వద్ద కన్ఫ్యూషియస్ బోధనలు, చైనా లిపి, చైనా చరిత్ర. ఈ విధంగా ఒకే రోజులో ఆమె రెండు లోకాలలో చదువుకొనేది. ఇంట్లో ఉన్న చార్లెస్ డికెన్స్ నవలలను ఆమె మళ్ళీ మళ్ళీ చదివింది. సామాన్యుల కష్టసుఖాలు సాహిత్యానికి వస్తువులు కాగలవన్న ఎరుక అప్పుడే ఆమె మనసులో నాటుకొంది.

ఆమె ఆడుకొనే కొండ వాలులో సమాధుల దిబ్బలు ఉండేవి. దారిద్ర్యం వల్లను, ఆడపిల్ల అన్న చిన్నచూపు వల్లను పురిటిలోనే ప్రాణం పోగొట్టుకొన్న శిశువుల ఎముకలు అక్కడ గడ్డిలో బయటపడేవి. చిన్నారి పెర్ల్ వాటిని ఏరి, గుంట తవ్వి, ఎవరికీ చెప్పకుండా పూడ్చిపెట్టేది. ఎవరికీ అక్కరలేని పసివారి పట్ల ఆ వయసులో కలిగిన జాలి ఆమె జీవితాంతం వీడలేదు.

విదేశీయురాలు

తాను అందరివంటి దానినే అనుకొన్న ఆ బాలికకు 1900లో తొలి దెబ్బ తగిలింది. విదేశీయుల పెత్తనానికి వ్యతిరేకంగా చైనాలో బాక్సర్ తిరుగుబాటు చెలరేగింది. నిన్నటివరకు చనువుగా వచ్చిపోయిన ఇరుగుపొరుగువారు రావడం మానుకొన్నారు. ఉత్తర చైనాలో మతప్రచారకులు, వారి కుటుంబాలవారు హతులయ్యారన్న వార్తలు వచ్చాయి. తండ్రి అక్కడే ఉండిపోగా, తల్లి పిల్లలను తీసుకొని షాంఘైకి తరలిపోయింది. ఎనిమిదేళ్ళ పెర్ల్‌కు తాను ప్రేమించిన నేలమీద తాను పరాయిదాన్నన్న సంగతి అప్పుడు తెలిసివచ్చింది. విదేశాలు చైనాకు చేసిన అన్యాయాల గురించి కూడా ఆమె కుంగ్ పండితుని వద్ద విన్నది. అందువల్ల ఆమెకు కోపం కన్న ఆలోచన ఎక్కువగా కలిగింది.

1910లో పెర్ల్ ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళి, వర్జీనియాలోని రాండాల్ఫ్–మేకన్ మహిళా కళాశాలలో చేరింది. అక్కడ ఆమె మరొక విధంగా పరాయిది అయింది. ఆమె దుస్తులు, మాటతీరు తోటి విద్యార్థినులకు వింతగా కనిపించాయి. చైనా గురించి ఎంతో చెప్పాలని ఆమెకు ఉండేది. వినే ఆసక్తి అక్కడ ఎవరికీ లేకపోయింది. పట్టుదలతో ఆమె వారి అలవాట్లు నేర్చుకొని, తరగతికి నాయకురాలై, రచనలకు బహుమతులు కూడా పొందింది. 1914లో పట్టభద్రురాలైంది. అంతలో తల్లి జబ్బుపడిందన్న వార్త తెలిసి వెంటనే చైనాకు తిరిగివెళ్ళింది.

పల్లె నేర్పిన పాఠాలు

1917లో పెర్ల్‌కు జాన్ లాసింగ్ బక్ అనే వ్యవసాయ ఆర్థికవేత్తతో వివాహమయింది. దంపతులు ఉత్తర అన్‌హుయ్ ప్రాంతంలోని నాన్‌షూజౌ అనే పట్టణంలో కాపురం పెట్టారు. అది నిరుపేద ప్రాంతం. మట్టిగోడల ఇళ్ళు, దుమ్ముతో నిండిన బాటలు, ఒక ఏడు వరద, మరొక ఏడు కరువు. భర్త పొలాల విస్తీర్ణం, పంటల దిగుబడి, రైతుల రాబడి లెక్కలు సేకరించడానికి పల్లెలకు వెళ్ళేవాడు. పెర్ల్ ఆయన వెంట వెళ్ళి ఆ ఇళ్ళలోని స్త్రీలతో మాట్లాడుతూ కూర్చొనేది. కాన్పుల గురించి, అత్తల గురించి, కరువుకాలంలో తినవలసివచ్చిన వాటి గురించి వారు దాపరికం లేకుండా ఆమెకు చెప్పేవారు. లాసింగ్ బక్ సేకరించిన వివరాలు తరువాత చైనా వ్యవసాయంపై ప్రామాణిక గ్రంథాలయ్యాయి. అదే నేలమీద పెర్ల్ సేకరించినవి మనుషుల కథలు. అవి ఆమె మనసులో ఏళ్ళ తరబడి నిలిచి ఉన్నాయి.

1920లో ఆమెకు కేరల్ అనే కుమార్తె జన్మించింది. కాన్పు సమయంలో బయటపడిన కణితి కారణంగా పెర్ల్‌కు శస్త్రచికిత్స జరిగింది. ఇక ఆమెకు సంతానయోగం లేదని తేలింది. ఉన్న ఒక్క బిడ్డ చూడ చక్కగా ఉండేది. కాని వయసు పెరుగుతున్నా మాటలు రాలేదు. చూపు నిలిచేది కాదు. తల్లి మొదట ఎదురుచూసింది, తరువాత భయపడింది. 1924లో సెలవుపై అమెరికా వెళ్ళినప్పుడు ఎందరో వైద్యులకు బిడ్డను చూపించింది. కొందరు ఆశ చూపారు. చివరకు ఒక వైద్యుడు మాత్రం మొగమాటం లేకుండా ఈ బిడ్డ బుద్ధి ఎప్పటికీ ఎదగదని చెప్పాడు. ఆ క్షణంలో ఆ మాట కఠినంగా తోచినా, అసత్యపు ఆశలనుండి తనను విడిపించినందుకు ఆ వైద్యునికి ఆమె జీవితాంతం కృతజ్ఞురాలై ఉంది.

ఆ సెలవుకాలంలోనే ఆమె కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టా పొందింది. జానిస్ అనే శిశువును దత్తత తీసుకొంది. తిరిగి నాన్‌జింగ్ చేరి, అక్కడి విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం బోధించింది. పత్రికలకు వ్యాసాలు, కథలు వ్రాయసాగింది.

ప్రాణాపాయం

1927 మార్చిలో నాన్‌జింగ్ నగరం అంతర్యుద్ధంలో చిక్కుకొంది. నగరాన్ని ఆక్రమించిన సైనికులు విదేశీయుల ఇళ్ళపై పడ్డారు. పలువురు విదేశీయులు ప్రాణాలు కోల్పోయారు. ఆ దినం పెర్ల్ కుటుంబాన్ని కాపాడింది ఒక నిరుపేద చైనా స్త్రీ. ఒకప్పుడు కష్టకాలంలో పెర్ల్ ఆమెకు ఆశ్రయమిచ్చి ఆదుకొంది. ఆ కృతజ్ఞతతో ఆమె పరుగుపరుగున వచ్చి, వృద్ధుడైన తండ్రితో, పసిపిల్లలతో సహా వారినందరినీ తన చీకటి గుడిసెలో దాచిపెట్టింది. వారు పట్టుబడితే ఆమె ప్రాణాలకు కూడా ముప్పే. అయినా ఆమె వెనుకాడలేదు. నదిలో నిలిచి ఉన్న అమెరికా యుద్ధనౌకల సహాయంతో వారు చివరకు బయటపడ్డారు. ఇల్లు దోపిడికి గురైంది. పెర్ల్ వ్రాసి ఉంచిన ఒక నవల వ్రాతప్రతి కూడా ఆ దోపిడిలో నశించింది.

ఈ సంఘటన పెర్ల్‌ను రెండు విధాలుగా మార్చింది. ఆస్తి ఏదీ శాశ్వతం కాదని ఆమె గ్రహించింది. తనను శత్రువుగా చూసిన దేశంలోనే తనకోసం ప్రాణం పణంగా పెట్టిన మనిషి కూడా ఉందని గ్రహించింది. జపాన్‌లోను, షాంఘైలోను కొంతకాలం తలదాచుకొని ఆమె తిరిగి నాన్‌జింగ్‌కే వచ్చింది.

నవలా రచన

1929లో పెర్ల్ గుండె రాయి చేసుకొని, కుమార్తెను అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో వైన్‌లాండ్ అనే చోట ఉన్న శిక్షణ పాఠశాలలో చేర్పించింది. మతిమాంద్యం గల పిల్లలకు అది శాశ్వత నివాసం. అందుకు కావలసిన ధనం భర్త జీతంతో సమకూరేది కాదు. ఆమె అప్పు చేయవలసి వచ్చింది. కన్నబిడ్డ తాను పోయిన తరువాత కూడా ఎవరి దయమీదా ఆధారపడకుండా బ్రతకాలి. దీనికి ఆమెకు కనిపించిన మార్గం రచన ఒక్కటే. మనసులోని శూన్యాన్ని నింపుకోవడానికి కూడా ఆమెకు వ్రాత తప్ప వేరు దిక్కు లేకపోయింది.

ఆమె తొలి నవల 'ఈస్ట్ విండ్, వెస్ట్ విండ్'ను చైనా వస్తువుపట్ల పాఠకులకు ఆసక్తి ఉండదన్న కారణంతో ఎందరో ప్రచురణకర్తలు తిరస్కరించారు. చివరకు జాన్ డే సంస్థ అధిపతి రిచర్డ్ వాల్ష్ దానిని 1930లో ప్రచురించాడు. ఆ ధైర్యంతో ఆమె నాన్‌జింగ్‌లోని తన ఇంటి మేడమీది చిన్నగదిలో కూర్చొని మూడునెలలలో మరొక నవలను పూర్తిచేసింది. అదే 'ది గుడ్ ఎర్త్'. 1931 మార్చిలో అది వెలువడింది. తెలుగులోకి 'సుక్షేత్రం' అన్న పేరుతో అనువాదమయింది.

ఆ నవలలో కథానాయకుడు వాంగ్ లుంగ్ అనే పేదరైతు. ధనికుల లోగిలిలో దాసిగా ఉన్న ఓ–లాన్‌ను అతడు పెండ్లాడుతాడు. ఆమె రూపవతి కాదు, మాటకారి కాదు. కాని ఆమె చేయి పడిన తరువాత అతని పొలం పండుతుంది, ఇల్లు నిండుతుంది. బిడ్డను కని, మళ్ళీ పొలానికి వచ్చి పనిచేయగల ధీర ఆమె. ఇంతలో దారుణమైన కరువు వస్తుంది. కుటుంబమంతా దక్షిణాది నగరానికి వలసపోతుంది. భర్త రిక్షా లాగుతాడు, భార్యాబిడ్డలు బిచ్చమెత్తుతారు. అంత దుస్థితిలోను వాంగ్ లుంగ్ తన భూమిని అమ్ముకోడు. నగరంలో చెలరేగిన అల్లర్లలో చేతికందిన ధనంతో, నగలతో వారు ఊరికి తిరిగివచ్చి మరింత భూమి కొంటారు.

సంపద పెరిగినకొద్దీ వాంగ్ లుంగ్ మారిపోతాడు. విలాసాలకు లోబడి మరొక స్త్రీని ఇంటికి తెస్తాడు. తనకు దొరికిన నగలలో ఓ–లాన్ కోరి ఉంచుకొన్నవి రెండే రెండు ముత్యాలు. ఆమె వాటిని ధరించలేదు; గుండెకు దగ్గరగా దాచుకొంది. ఆ రెండు ముత్యాలను కూడా భర్త అడిగి తీసుకొని రెండవ స్త్రీకి ఇస్తాడు. ఓ–లాన్ ఒక్కమాట మాట్లాడక బట్టలు ఉతుకుతూనే ఉంటుంది. ఆమె కన్నీరు మాత్రం జారిపడుతుంది. నవలలో ఇంతకన్న హృదయవిదారకమైన ఘట్టం లేదు. చివరకు ముసలివాడైన వాంగ్ లుంగ్ తన కొడుకులు భూమిని అమ్మే ఆలోచన చేస్తుండగా వింటాడు. భూమిని అమ్మిననాడే కుటుంబం నశిస్తుందని విలపిస్తాడు. కొడుకులు అమ్మబోమని మాట ఇస్తూనే, తండ్రి తలమీదుగా ఒకరినొకరు చూసి నవ్వుకొంటారు.

వాంగ్ లుంగ్ దంపతుల పెద్దకూతురు బుద్ధి ఎదగని పిల్ల. నవలలో ఆమెకు పేరు కూడా లేదు. ఎండలో కూర్చొని, చేతిలోని గుడ్డముక్కను మడుస్తూ నవ్వుతూ ఉంటుంది. కఠినుడైన తండ్రి ఆమె పట్ల మాత్రం మెత్తబడతాడు. తన తరువాత ఆమెను ఎవరు చూస్తారన్న చింత అతనిని వృద్ధాప్యంలో వేధిస్తుంది. ఆ చింత రచయిత్రిదేనని ఆనాటి పాఠకులకు తెలియదు. తన బిడ్డ సంగతిని ఆమె లోకానికి చాలాకాలం చెప్పలేదు.

కీర్తి – విమర్శ

నవల వెలువడిన రెండు సంవత్సరాలపాటు అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన నవల అదే. 1932లో దానికి పులిట్జర్ బహుమతి లభించింది. తరువాత 'సన్స్', 'ఎ హౌస్ డివైడెడ్' అన్న నవలలతో ఆమె ఆ కుటుంబకథను మూడుతరాల గాథగా పూర్తిచేసింది. 1937లో నవల చలనచిత్రంగా వచ్చింది. ఓ–లాన్ పాత్ర ధరించిన లూయిస్ రైనర్‌కు ఉత్తమనటిగా ఆస్కార్ బహుమతి దక్కింది. ఆనాటి హాలీవుడ్ పద్ధతి ప్రకారం ప్రధానపాత్రలను చైనీయులకు గాక తెల్లజాతి నటులకే ఇవ్వడం గమనించదగిన విషయం.

అంతవరకు చైనీయులంటే పాశ్చాత్యులకు ఒక వింత. కథలలో, చిత్రాలలో వారు కుటిలులుగానో, హాస్యగాళ్ళుగానో కనిపించేవారు. ఆకలి, భూమిపై మమకారం, బిడ్డలపై ప్రేమ, వార్ధక్యంలో ఒంటరితనం వంటివి వారికి కూడా తమకువలెనే ఉంటాయని ఈ నవల ద్వారా లక్షలాది పాఠకులు తెలుసుకొన్నారు. కొందరు చైనా విద్యావంతులు మాత్రం ఆమె తమ దేశపు పేదరికాన్నే చూపిందని, పండిత సంస్కృతిని విస్మరించిందని ఆక్షేపించారు. దేశజనాభాలో అధికసంఖ్యాకులు రైతులేనని, వారిని గురించి వ్రాయడం చిన్నతనం కాదని ఆమె బదులిచ్చింది.

చైనా సాహిత్యంపట్ల ఆమె గౌరవం మాటలకే పరిమితం కాలేదు. ప్రాచీన చైనా నవల 'షుయ్ హు జువాన్'ను నాలుగేళ్ళకు పైగా శ్రమించి ఇంగ్లీషులోకి అనువదించి, 1933లో 'ఆల్ మెన్ ఆర్ బ్రదర్స్' పేరుతో ప్రకటించింది. 1932లో న్యూయార్క్‌లో జరిగిన ఒక సభలో, సానుభూతి లేని, అహంకారంతో కూడిన మతప్రచారాన్ని ఆమె నిర్భయంగా విమర్శించింది. మతసంస్థలో కలకలం రేగింది. మరుసటి సంవత్సరం ఆమె ఆ సంస్థతో సంబంధం వదులుకొంది.

1934లో ఆమె చైనాను విడిచి అమెరికా చేరింది. యుద్ధం ముంచుకొస్తున్న కాలమది. ఆ ప్రయాణమే చివరి ప్రయాణమవుతుందని ఆమె ఊహించి ఉండదు. 1935లో లాసింగ్ బక్‌తో వివాహబంధం తెంచుకొని, తన ప్రచురణకర్త రిచర్డ్ వాల్ష్‌ను వివాహమాడింది. పెన్సిల్వేనియాలోని గ్రీన్ హిల్స్ ఫార్మ్ అనే పాత రైతు ఇల్లు కొని అక్కడ స్థిరపడింది. 1936లో తల్లి జీవితాన్ని 'ది ఎగ్జైల్' అన్న గ్రంథంగాను, తండ్రి జీవితాన్ని 'ఫైటింగ్ ఏంజిల్' అన్న గ్రంథంగాను ప్రకటించింది. ఆశయసాధనలో ఇల్లాలి మనసును, పిల్లల మనసును గమనించని తండ్రిని నిందించక, పొగడక ఉన్నదున్నట్లు చిత్రించడం ఈ గ్రంథాల విశిష్టత.

1938లో ఆమెకు నోబెల్ పురస్కారం ప్రకటించారు. చైనా రైతుజీవితాన్ని ఇతిహాసస్థాయిలో చిత్రించిన నవలలను, తల్లిదండ్రుల జీవితచరిత్రలను పురస్కార సంఘం ప్రత్యేకంగా పేర్కొంది. ఆమె తొలి నవల వెలువడి అప్పటికి ఎనిమిదేళ్ళే. అంత చిన్నవయసులో, అంత తక్కువ కాలంలో, అందరూ చదివే నవలలు వ్రాసే స్త్రీకి ఆ గౌరవమేమిటని అమెరికాలోని కొందరు విమర్శకులు పెదవి విరిచారు. ఆమె స్టాక్‌హోమ్‌లో చేసిన నోబెల్ ఉపన్యాసానికి చైనా నవలనే వస్తువుగా ఎన్నుకొంది. పండితులు సాహిత్యంగా లెక్కించని నవల, వీథులలో కథకుల నోట పుట్టి సామాన్యుల మధ్య పెరిగిన తీరును వివరించింది. ఆ సంప్రదాయమే తనకు కథ చెప్పడం నేర్పిందని సగౌరవంగా ప్రకటించింది. ఆమె తరువాత మరొక అమెరికన్ మహిళకు, అనగా టోనీ మారిసన్‌కు, సాహిత్యంలో నోబెల్ రావడానికి 1993 వరకు ఆగవలసివచ్చింది.

మాటనుండి చేతకు

కీర్తి, ధనం లభించిన తరువాత పెర్ల్ విశ్రాంతి కోరుకోలేదు. 1941లో ఆసియా ప్రజలకు, అమెరికా ప్రజలకు మధ్య అవగాహన పెంచడానికి 'ఈస్ట్ అండ్ వెస్ట్ అసోసియేషన్' స్థాపించింది. చైనీయుల వలసను నిషేధించిన 1882 నాటి చట్టాన్ని రద్దుచేయాలని పోరాడినవారిలో ఆమె ఒకరు. 1943లో అది రద్దయింది. నల్లజాతివారి సమానహక్కుల కోసం ఆమె గళమెత్తింది. భారత స్వాతంత్ర్యాన్ని సమర్థిస్తూ అమెరికా వేదికలపై ప్రసంగించింది. స్వేచ్ఛకోసం యుద్ధం చేస్తున్నామని చెప్పుకొనే దేశాలు తమ పాలనలోని ప్రజలకు స్వేచ్ఛ నిరాకరించడం తగదన్నది ఆమె వాదం.

భారతదేశంతో ఆమె సంబంధం సాహిత్యంలోను కొనసాగింది. 'కమ్, మై బిలవెడ్', 'మండల' నవలలకు భారతదేశమే నేపథ్యం. ఆర్.కె. నారాయణ్ రచించిన 'ది గైడ్' నవల ఆధారంగా దేవానంద్ నటించిన చిత్రానికి ఇంగ్లీషు రూపాన్ని 1965లో సిద్ధం చేసినప్పుడు, దాని చిత్రానువాద రచనలో ఆమె పాలుపంచుకొంది.

1949లో ఆమె జీవితంలో ఒక ముఖ్యఘట్టం సంభవించింది. తల్లిదండ్రులలో ఒకరు ఆసియావారు, ఒకరు తెల్లవారు అయిన ఒక శిశువుకు ఆశ్రయం కావలసివచ్చింది. మిశ్రమజాతి పిల్లలను ఎవరూ పెంచుకోరని దత్తత సంస్థలు చేతులెత్తేశాయి. అటువంటి పిల్లలకు ఇల్లు దొరకదన్న మాటను పెర్ల్ అంగీకరించలేదు. తానే ముందుకువచ్చి, మిత్రులను కూడగట్టి 'వెల్‌కమ్ హౌస్' అన్న సంస్థను స్థాపించింది. జాతిభేదం పాటించకుండా పిల్లలకు దత్తత కుటుంబాలను సమకూర్చిన తొలి సంస్థలలో అది అగ్రగణ్యం. యుద్ధాల కాలంలో అమెరికా సైనికులకు, ఆసియా స్త్రీలకు పుట్టి, ఇరుదేశాల ఆదరణకూ నోచుకోని బిడ్డలను వారి వారి దేశాలలోనే పోషించడానికి 1964లో తన పేర మరొక సంస్థ నెలకొల్పింది. ఆమె స్వయంగా ఏడుగురిని దత్తత తీసుకొని పెంచింది. రెండు లోకాల నడుమ నిలిచిన బిడ్డ బాధ ఆమెకు పరులు చెప్పగా తెలిసింది కాదు.

1950లో ఆమె ఇరవై సంవత్సరాలకు పైగా గుండెలో దాచుకొన్న విషయాన్ని బయటపెట్టింది. కేరల్ కథను 'ది చైల్డ్ హూ నెవర్ గ్రూ' అన్న చిన్నపుస్తకంగా ప్రచురించింది. మందబుద్ధి గల బిడ్డ పుట్టడం కుటుంబానికి అవమానమని భావించి, అటువంటి పిల్లలను లోకానికి కనపడకుండా దాచిన కాలమది. నోబెల్ పురస్కారం పొందిన ఒక రచయిత్రి తన బిడ్డ గురించి దాపరికం లేకుండా చెప్పడంతో, ఎందరో తల్లిదండ్రులు తలెత్తుకొనే ధైర్యం పొందారు. కేరల్ వ్యాధి ఫెనైల్‌కీటోన్యూరియా అని 1960 దశకంలో గాని నిర్ధారణ కాలేదు. ఆహారంలోని ఒక పదార్థాన్ని శరీరం జీర్ణించుకోలేకపోవడం వల్ల మెదడు దెబ్బతినే జన్యువ్యాధి అది. కేరల్ పుట్టిన 1920 నాటికి ఆ వ్యాధి ఉన్నట్లే వైద్యలోకానికి తెలియదు. 1934లో నార్వే వైద్యుడు ఫోలింగ్ దానిని కనుగొన్నాడు. తరువాతి కాలంలో, పుట్టిన కొద్దిరోజులకే శిశువు రక్తాన్ని పరీక్షించి, తగిన ఆహారనియమంతో ఆ ముప్పును తప్పించే పద్ధతి ఏర్పడింది.

మూసుకొన్న తలుపు

1949 తరువాత చైనాలో ఏర్పడిన కమ్యూనిస్టు ప్రభుత్వం పెర్ల్ రచనలను ఆదరించలేదు. ఆమె కూడా ఆ ప్రభుత్వాన్ని విమర్శిస్తూ వచ్చింది. 1960లో రిచర్డ్ వాల్ష్ మరణించాడు. చివరి సంవత్సరాలలో తన సంస్థ నిర్వహణపై వచ్చిన ఆరోపణలు కూడా ఆమెను బాధించాయి. అయినా ఆమె కలం ఆగలేదు. డెబ్బైకి పైగా గ్రంథాలు వెలువరించింది. ఇంత విస్తారంగా వ్రాసిన రచయిత్రి రచనలన్నీ ఒకేస్థాయిలో ఉండవు. తొలినాటి చైనా నవలలలోను, తల్లిదండ్రుల చరిత్రలలోను ఉన్న సాంద్రత తరువాతి నవలలు కొన్నింటిలో కనిపించదన్న విమర్శ సమంజసమే.

1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాలో పర్యటించాడు. ఇరుదేశాల మధ్య తలుపులు తెరుచుకొంటున్న ఆ సమయంలో ఎనభై ఏళ్ళ పెర్ల్‌కు ప్రాణం లేచివచ్చినట్లయింది. తన తల్లిదండ్రుల సమాధులున్న నేలను, తాను ఆడుకొన్న కొండవాలును మరొక్కసారి చూడాలని ఆమె ఎంతో ఆశతో అనుమతి కోరింది. ఆమె రచనలు నూతన చైనా ప్రజలను, నాయకులను వక్రీకరించి, దూషించాయంటూ ఆమె కోరికను తిరస్కరించారు. బాల్యంలో ఎవరి కథలు వింటూ పెరిగిందో, ఎవరి బ్రతుకును ప్రపంచానికి పరిచయం చేసిందో ఆ దేశంలోనే ఆమె అడుగుపెట్టలేకపోయింది. 1973 మార్చి 6న వెర్మాంట్ రాష్ట్రంలోని డాన్‌బీ అనే ఊరిలో ఆమె తుదిశ్వాస విడిచింది.

గ్రీన్ హిల్స్ ఫార్మ్‌లో ఒక చెట్టు నీడన ఆమె సమాధి ఉంది. సమాధిఫలకం ఎలా ఉండాలో ఆమే ముందుగా నిర్ణయించింది. దానిపై ఇంగ్లీషు అక్షరమేదీ లేదు. 'సాయ్ జెన్‌జూ' అన్న ఆమె చైనా పేరు మాత్రమే చైనా లిపిలో చెక్కి ఉంది. 'జెన్‌జూ' అంటే ముత్యం. 'పెర్ల్' అన్న మాటకూ అదే అర్థం.

కాలక్రమంలో చైనా వైఖరి మారింది. ఆమె పెరిగిన జెన్‌జియాంగ్‌లోను, 'ది గుడ్ ఎర్త్' వ్రాసిన నాన్‌జింగ్‌లోను ఆమె నివసించిన ఇళ్ళను స్మారకాలుగా తీర్చిదిద్దారు. చైనా పండితులు ఆమె రచనలపై పరిశోధనలు చేపట్టారు. బ్రతికి ఉండగా ఆమెకు మూసుకొన్న తలుపు, ఆమె మరణించిన తరువాత ఆమె పుస్తకాలకు తెరుచుకొంది.

పెర్ల్ బక్ జీవితం సుఖమయమైనది కాదు. ఒక దేశంలో విదేశీయురాలిగా, మరొక దేశంలో అపరిచితురాలిగా ఆమె బ్రతికింది. తల్లిగా తీరని దుఃఖాన్ని మోసింది. అయితే ఆ దుఃఖం ఆమెను లోకానికి దూరం చేయలేదు. తన బిడ్డ కోసం పట్టిన కలం పేరులేని రైతులకు, మాటలురాని స్త్రీలకు గొంతునిచ్చింది. తన బిడ్డ కోసం కలిగిన చింత దిక్కులేని వేలాది పిల్లలకు ఇల్లయింది. పరాయివారన్న మాటను తుడిచివేయడానికి చట్టాలు, సంస్థలు అవసరమే. అంతకన్న ముందు పరాయివాని ఇంటి గడపలో కూర్చొని, అతని భాషలో అతని కథ వినగల సహృదయత అవసరం. నాన్‌షూజౌ పల్లెల్లోని మట్టి ఇళ్ళలో పెర్ల్ బక్ చేసింది అదే.